నడిసముద్రంలో బోటుకు సిగ్నల్ ఎలా అందుతుంది? శ్రీహరికోట బోర్డు మీద పేరున్న సతీష్ ధావన్ కథ

నాయుడుపేట: శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు నాయుడుపేటలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. టైమ్ దగ్గరపడే కొద్దీ మిద్దెల మీదకు జనం చేరిపోతారు. సూళ్లూరుపేట దిక్కున నిప్పుల చార పైకి లేస్తుంది. అది కనిపించిన కాసేపటికి గానీ ఆ ఉరుము లాంటి మోత ఇక్కడికి చేరదు. ఊరి నుంచి పాతిక, ముప్పై కిలోమీటర్లు వెళ్తే సూళ్లూరుపేట. అక్కడ పులికాట్ సరస్సు మధ్యలో వేసిన రోడ్డెక్కితే శ్రీహరికోట. గేటు దగ్గర పెద్ద బోర్డు ఉంటుంది. సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం అని.

అదే రోజు సముద్రం వైపు సీన్ వేరేగా ఉంటుంది. రాకెట్ వెళ్లే దారి కింద ఉన్న సముద్రంలోకి బోట్లు పోకూడదని ముందే హెచ్చరికలు వెళ్తాయి. పట్టపుపాళేల్లో ఆ పూట వేట బంద్. ఒక రోజు కూలి పోయినట్టే. రాకెట్ అంటే తీరంలోని మత్స్యకారుడికి ముందుగా గుర్తొచ్చేది ఇదే. కానీ ఇదే మత్స్యకారుడు తీరానికి వంద కిలోమీటర్ల అవతల ఉన్నప్పుడు, తుపాను వస్తోంది వెనక్కి రమ్మని చెప్పే మెసేజ్ అందాలంటే మళ్లీ ఆ రాకెట్లు పంపిన ఉపగ్రహాలే దిక్కు. ఈ రెండో సంగతి వెనుక ఒక పెద్దాయన జీవితం ఉంది. రోజూ ఆ పేరు చదువుతున్నా ఆయన ఎవరో మనలో చాలామందికి తెలీదు.

ముందు బోటు సంగతి చూద్దాం

ఒడ్డు వదిలిన ఫైబర్ బోటులో సెల్‌ఫోన్ ఎంతసేపు పనిచేస్తుంది? టవర్ ఎత్తును బట్టి సుమారు 10, 15 కిలోమీటర్లు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఆ తర్వాత టవర్ నీటి అంచు కిందకు దిగిపోయినట్టే. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటిగా తగ్గి చివరికి సున్నా. వీహెచ్‌ఎఫ్ సెట్ ఉంటే ఇంకొంచెం దూరం నెట్టుకురావచ్చు. దానికి కూడా యాంటెన్నాలు ఒకదానికొకటి కనపడాలి. యాంటెన్నా ఎత్తుగా ఉంటే ముప్పై, నలభై కిలోమీటర్ల వరకు మాట వినపడుతుంది. మరబోట్లు వారం, పది రోజులకు సరుకు వేసుకుని పోయే దూరం ఇంతకు మించి చాలా ఎక్కువ.

అక్కడ టవర్ నాటే వీలు లేదు. టవర్‌ను ఆకాశంలో పెట్టాల్సిందే. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంచిన ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది. కింద ఉన్నవాడికి అది ఒకేచోట నిలబడినట్టు ఉంటుంది. అందుకే బంగాళాఖాతం మొత్తం ఎప్పుడూ దాని చూపులోనే ఉంటుంది. పైకి వెళ్లి కిందకు రావడానికి సిగ్నల్‌కు పావు సెకను పడుతుంది. అంతే.

ఇప్పుడు వినడానికి ఇది చాలా మామూలుగా ఉంది. 1972లో మాత్రం కాదు. అప్పటికి మన దేశం దగ్గర సొంత ఉపగ్రహం ఒక్కటీ లేదు. శ్రీహరికోటలో చిన్న చిన్న రాకెట్లు మాత్రమే ఎగురుతున్నాయి. ఆ పరిస్థితిలో ఇస్రో పగ్గాలు ధావన్ చేతికి వచ్చాయి.

లాహోర్ నుంచి బెంగళూరు దాకా

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదువు లాహోర్‌లో, పంజాబ్ విశ్వవిద్యాలయంలో. ఆ చదువు తీరు కాస్త విచిత్రం. లెక్కలు, ఫిజిక్స్‌తో బీఏ. తర్వాత ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ. ఆపైన మెకానికల్ ఇంజినీరింగ్. ఇప్పటి తల్లిదండ్రులైతే ఈ అబ్బాయికి ఏం కావాలో తెలీడం లేదని తల పట్టుకుంటారు. ఆయన మాత్రం ఆ మూడింటినీ చివరిదాకా వదల్లేదు. ఇంజినీర్లతో లెక్కలు మాట్లాడేవారు, మంత్రులకు రాసే నోట్‌లో ఒక్క మాట కూడా అటూఇటూ పోయేది కాదు.

బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో కొద్దికాలం పనిచేసి అమెరికా వెళ్లారు. 1947లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఎంఎస్ పూర్తయింది. తాను చదివిన లాహోర్ పాకిస్థాన్‌లోకి వెళ్లిపోయిన సంవత్సరం అది. తర్వాత కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర పరిశోధన. గాలి ధ్వని కంటే వేగంగా వెళ్తున్నప్పుడు ఒక వస్తువు ఉపరితలం దగ్గర ఏం జరుగుతుందన్నది ఆయన సబ్జెక్ట్. 1951లో పీహెచ్‌డీ చేతికొచ్చింది. అదే ఏడాది బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరిపోయారు. అక్కడే ఉండిపోతే జీతం, ల్యాబు, పేరు అన్నీ ఉండేవి. ఇక్కడేమో విండ్ టన్నెల్ కావాలంటే దొరికిన సామానుతో సొంతంగా కట్టుకోవాల్సిన రోజులు. కట్టారు కూడా. దేశంలో మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ ఆయన చేతుల మీదే వచ్చింది.

1962లో ఆ సంస్థకు డైరెక్టర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 42 ఏళ్లు. 1981 వరకు ఆ కుర్చీలోనే ఉన్నారు. అంత చిన్న వయసులో ఆ పదవికి వచ్చినవాళ్లు గానీ, అంతకాలం చేసినవాళ్లు గానీ వేరే లేరు.

రెండు షరతులు

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ కోవళంలో హఠాత్తుగా కన్నుమూశారు. అంతరిక్ష కార్యక్రమం ఒక్కసారిగా పెద్దదిక్కును కోల్పోయింది. అప్పుడు ధావన్ సెలవు మీద కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్నారు. బాధ్యత తీసుకోమని ప్రధాని ఇందిరాగాంధీ నుంచి కబురు వెళ్లింది.

ఎవరైనా ఎగిరి గంతేసి వచ్చే పిలుపు అది. ఆయన రెండు షరతులు పెట్టారు. అంతరిక్ష కార్యక్రమానికి కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉండాలి. తాను ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్‌గా కూడా కొనసాగాలి. ప్రభుత్వం రెండింటికీ ఒప్పుకుంది. 1972లో అంతరిక్ష శాఖ కార్యదర్శిగా, స్పేస్ కమిషన్ ఛైర్మన్‌గా, ఇస్రో అధిపతిగా మూడు బాధ్యతలూ తీసుకున్నారు. అంటే తొమ్మిదేళ్ల పాటు దేశంలోని రెండు పెద్ద సంస్థలను ఒక్కరే నడిపారు. ఢిల్లీకి దూరంగా ఆఫీసు పెట్టించడం అప్పట్లో చిన్న విషయంలా కనిపించి ఉండొచ్చు. ఫైళ్ల చుట్టూ తిరిగే గోల లేకుండా ఇంజినీర్లు పని చేసుకోగలిగారంటే ఆ షరతు పుణ్యమే.

అప్పటి శ్రీహరికోట ఎలా ఉండేది? ఒకవైపు పులికాట్, ఇంకోవైపు బంగాళాఖాతం. మధ్యలో ఇసుక, సరుగుడు, యూకలిప్టస్ తోటలు, అడవి. తరతరాలుగా అక్కడే బతుకుతున్న యానాదులు. దీన్ని ఎంచుకోవడానికి కారణం సముద్రమే. రాకెట్‌ను తూర్పుకు వదిలితే భూమి తిరిగే వేగం కలిసొస్తుంది. కాలిపోయిన దశలు జనం మీద కాకుండా నీళ్లలో పడతాయి. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్‌తో ఇక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. ఇంకో పక్క, అంతరిక్ష కేంద్రం కోసం దీవి తీసుకున్నప్పుడు యానాదుల బతుకు తారుమారైంది. ఈ కేంద్రం చరిత్ర రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

దివిసీమ ఉప్పెన, ఇన్సాట్ ఆలోచన

1977 నవంబరు 19. కోస్తా ఆంధ్రలో ఆ తేదీ గుర్తున్న వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కృష్ణా డెల్టా మీద పడిన తుపానుతో సముద్రం ఊళ్ల మీదకు వచ్చింది. దివిసీమ శవాల దిబ్బైంది. అధికారిక లెక్కే సుమారు 10,000 మంది. తుపాను వస్తోందన్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. అది ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో పక్కాగా పట్టుకోవడం కష్టం. పట్టుకున్నా ఆ మాట చివరి పాళెం దాకా, అంతకంటే ముఖ్యంగా సముద్రంలో ఉన్న పడవ దాకా వెళ్లే దారి లేదు. టెలిఫోన్ తీగలు తుపానుకు మొదట తెగేవే. ఎవరి దగ్గరైనా ట్రాన్సిస్టర్ ఉండి, అది ఆన్‌లో ఉంటే సరే.

అప్పటికే ఇన్సాట్ అనే పథకం కాగితాల మీద సాగుతోంది. మామూలుగా మిగతా దేశాలు టెలిఫోన్లకు ఒక ఉపగ్రహం, టీవీకి ఒకటి, వాతావరణానికి ఒకటి అన్న లెక్కన వెళ్లేవి. మన దగ్గర అంత డబ్బు లేదు. ఒక్క ఉపగ్రహంలోనే అన్నీ ఇమిడ్చాలన్నది మనవాళ్ల ఆలోచన. టెలిఫోన్ కాల్స్, దూరదర్శన్, రేడియో, మబ్బుల ఫొటోలు, మారుమూల పెట్టిన వాతావరణ పరికరాల నుంచి రీడింగులు తెచ్చే ఏర్పాటు. ఒకదానికి పనికొచ్చే ఉపగ్రహాన్ని తయారు చేయడమే కష్టమైన రోజుల్లో ఇది పెద్ద సాహసం. పైగా టెలికాం శాఖ, వాతావరణ శాఖ, ఆకాశవాణి, దూరదర్శన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక మాట మీదకు రావాలి. ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలబెట్టడం కంటే ఇదే కష్టమని ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసిన వాళ్లు ఎవరైనా చెబుతారు. ధావన్ గట్టిగా నిలబడింది ఇక్కడే.

ఆయన పద్ధతి ఒక్కసారిగా దూకడం కాదు. ముందు అద్దె ఇంట్లో ఉండి చూసి, తర్వాత సొంతిల్లు కట్టుకునే రకం. 1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట సోవియట్ రాకెట్ మీద ఎగిరింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ఒక సంవత్సరం పాటు అమెరికా ఉపగ్రహాన్ని అడిగి తీసుకుని సైట్ ప్రయోగం చేశారు. దాన్ని మొదట తలపెట్టింది సారాభాయ్. జరిపించింది ధావన్ హయాంలో. ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి టీవీ వచ్చింది. కరెంటు కూడా సరిగా లేని ఊళ్లో జనం నేల మీద కూర్చుని వ్యవసాయ కార్యక్రమం చూశారు. తర్వాత ఇంకో విదేశీ ఉపగ్రహం సింఫనీతో టెలిఫోన్ ప్రయోగాలు. 1981 జూన్ 19న సొంతంగా చేసిన సమాచార ఉపగ్రహం యాపిల్. ఎద్దుల బండి మీద ఉపగ్రహం ఉన్న ఫొటో మీరు చూసే ఉంటారు, అదే ఇది. పేదరికానికి గుర్తుగా ఆ ఫొటో వాడుతుంటారు గానీ అసలు కారణం వేరు. యాంటెన్నా పరీక్షకు చుట్టూ ఇనుము లేని బండి కావాలి. అందుకు చెక్క బండి సరిగ్గా సరిపోయింది.

బంగాళాఖాతంలో పడిన రాకెట్

ఈ కథలో అందరూ విన్న భాగం ఒకటుంది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి తొలి ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. ప్రాజెక్టు అధిపతి ఏపీజే అబ్దుల్ కలాం. రెండో దశ నియంత్రణ దెబ్బతింది. 317 సెకన్ల తర్వాత రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. బయట విలేకరులు కాచుకుని ఉన్నారు. ఆ రోజు కలాంను ముందుకు నెట్టి ధావన్ పక్కకు తప్పుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. తానే వెళ్లి మైకుల ముందు కూర్చున్నారు. వైఫల్యం సంస్థదని ఒప్పుకున్నారు, తన బృందం మీద నమ్మకం ఉందని, ఏడాదిలో సాధిస్తారని చెప్పారు.

1980 జూలై 18న రెండో ప్రయత్నం. 35 కిలోల రోహిణి కక్ష్యలోకి వెళ్లింది. సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపిన కొద్ది దేశాల్లో మనదీ చేరింది. ఈసారి విలేకరుల ముందుకు కలాంను పంపారు. తాను వెనకే ఉండిపోయారు. కలాం ఆ తర్వాత జీవితాంతం, రాష్ట్రపతి అయ్యాక కూడా, పిల్లలు కనపడితే చాలు ఈ సంగతి చెప్పేవారు. నాయకత్వం మీద పెట్టే ప్రతి క్లాసులోనూ ఇది వినిపిస్తుంది. అయితే దీన్ని మంచితనం కింద మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. తప్పు జరిగినప్పుడు కిందివాడి తల తెగదని తెలిస్తేనే లోపం ఎక్కడుందో ఇంజినీరు నిజం చెబుతాడు. నిజం చెబితేనే రెండోది ఎగురుతుంది.

ఆ ఓర్పు మళ్లీ అవసరమైంది. 1982 ఏప్రిల్ 10న అమెరికాలో తయారైన ఇన్సాట్-1ఎ అమెరికా రాకెట్ మీదే కక్ష్యకు వెళ్లింది. మొదటి నుంచీ ఒకటి తెరుచుకుంటే ఇంకోటి మొరాయించడం. అయిదు నెలలు నిండకముందే సెప్టెంబరులో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. కోట్ల రూపాయలు గాలికి పోయాయని విమర్శలు. అయినా పథకం ఆగలేదు. 1983 ఆగస్టు 30న ఛాలెంజర్ షటిల్‌లో ఇన్సాట్-1బి వెళ్లింది. దాని సోలార్ ప్యానెల్ కూడా మొదట మొండికేసి, చివరికి విచ్చుకుంది. అక్కడి నుంచి దేశం ముఖచిత్రం మారింది. టీవీ టవర్లు, ఎస్టీడీ కాల్స్, వార్తల్లో చూపించే మబ్బుల బొమ్మ, అన్నీ దాని చలవే.

తీరానికి వచ్చింది ఇంకొకటి. తుపాను హెచ్చరికల కోసం ఉపగ్రహం ద్వారా పనిచేసే రిసీవర్లు. మొదట దక్షిణ కోస్తా, ఉత్తర తమిళనాడు తీరాల్లో పెట్టారు. ముప్పు ఉన్న ప్రాంతంలోని రిసీవర్లను మాత్రమే ఉపగ్రహం ద్వారా మేల్కొలుపుతారు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత స్థానిక భాషలో హెచ్చరిక వస్తుంది. తీగలు తెగినా దానికి ఇబ్బంది లేదు. 1990 మేలో మచిలీపట్నం దగ్గర దాదాపు 1977 నాటి అంత బలమైన తుపాను తీరం దాటింది. చనిపోయిన వారు వెయ్యి లోపే. అది కూడా చిన్న సంఖ్య కాదు. కానీ పదివేల పక్కన పెట్టి చూడండి. లక్షల మందిని ముందే ఖాళీ చేయించగలిగారు. రెవెన్యూ సిబ్బంది, పోలీసులు, తుపాను షెల్టర్లు అందరి పాత్రా ఉంది. ముందుగా కబురు అందడం అన్నిటికంటే ముఖ్యం.

సముద్రంలో ఉన్నవాడి సంగతి?

ఇంత జరిగినా ఆ సైరన్ ఒడ్డున మోగుతుంది. నడిసముద్రంలో ఉన్నవాడికి వినపడదు. ఈ ఖాళీ ఎంత పెద్దదో 2017లో ఓఖీ తుపాను చూపించింది. కేరళ, తమిళనాడు నుంచి లోతు సముద్రంలోకి వెళ్లిన బోట్లు హెచ్చరిక రాకముందే బయల్దేరాయి. వచ్చాక చెప్పే దారి లేకపోయింది. పెద్ద సంఖ్యలో మత్స్యకారులు తిరిగి రాలేదు.

ఇప్పుడు ఏమేం ఉన్నాయి? 2010 నుంచి డాట్ అనే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ వాడకంలో ఉంది. బోటు మునుగుతోందా, మంటలా, ఒంట్లో బాగోలేదా అన్నదాన్ని బట్టి బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కు కబురు వెళ్తుంది. దీనికి ఒక లోటు ఉండేది. నొక్కినవాడికి తన కేక ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. చీకట్లో, అలల్లో ఆ ఒక్క సంగతి తెలియడమే కొండంత ధైర్యం. 2024 జనవరిలో వచ్చిన కొత్త రకంలో కబురు అందిందని తిరిగి సమాధానం వస్తుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో జెమిని అనే పరికరం తెచ్చింది. గగన్ ఉపగ్రహ సిగ్నల్‌ను పట్టుకుని బ్లూటూత్‌తో మామూలు ఫోన్‌కు ఇస్తుంది. తుపాను హెచ్చరిక, అలల ఎత్తు, చేపలు ఎక్కడ దొరుకుతాయన్న సమాచారం తెర మీదకు వస్తుంది. కాకపోతే వినడమే తప్ప తిరిగి మాట్లాడటం లేదు. ఇక లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. ఖర్చు 364 కోట్ల రూపాయలు. ఇందులో రెండువైపులా మెసేజ్‌లు వెళ్తాయి. బోటు సరిహద్దు దగ్గరకు పోతే హెచ్చరిస్తుంది. దీనికి వాడుతున్న జీశాట్-6 ఉపగ్రహం 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లినదే. కింద బోటులో చిన్న పెట్టె చాలాలంటే పైన పెద్ద చెవి ఉండాలి. అందుకే దానికి 6 మీటర్ల వెడల్పున విచ్చుకునే యాంటెన్నా పెట్టారు.

సరిహద్దు హెచ్చరిక విలువ ఉత్తరాంధ్ర కుటుంబాలను అడిగితే తెలుస్తుంది. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు చిక్కిన మనవాళ్లలో 20 మంది 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. నీళ్ల మీద గీత ఉండదు కదా.

తెరచాప పడవల మీద లోకం చుట్టే వాళ్లకూ ఉపగ్రహమే ఆధారం. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన నేవీ పడవ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు ఉన్నారు. వాళ్లలో స్వాతిది విశాఖపట్నం, ఐశ్వర్యది హైదరాబాద్. మనుషుల జాడ లేని దక్షిణ సముద్రాల నుంచి కూడా వాళ్ల క్షేమ సమాచారం ఇంటికి చేరుతూనే ఉండేది.

ఇక్కడ ఒక జాగ్రత్త. విదేశాల్లో దొరుకుతుందని శాటిలైట్ ఫోన్ కొనుక్కొచ్చి బోటులో పెట్టుకుంటే చిక్కుల్లో పడతారు. అనుమతి లేకుండా అవి మన దేశంలో వాడటం నేరం. విమానాశ్రయాల్లో వాటితో పట్టుబడిన విదేశీయులపై కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. చట్టబద్ధమైన శాటిలైట్ ఫోన్ సేవ కావాలంటే బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా తీసుకోవచ్చు. సిగ్నల్ ఉన్నంత దూరంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554. వీహెచ్‌ఎఫ్‌లో అయితే 16వ ఛానల్. ఈ రెండూ బోటులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవడం మంచిది. గాభరాలో గుర్తుండవు.

ఈ పరికరాలేవీ ధావన్ చేసినవి కావు. వీటిలో చాలావరకు ఆయన పోయాక వచ్చాయి. అయితే అంతరిక్షంలో ఏది పంపినా ముందు కింద ఎవరికి ఉపయోగమో చెప్పాలన్న లెక్క సారాభాయ్ మొదలుపెడితే, దాన్ని శాఖలు, బడ్జెట్లు, సమీక్షా కమిటీలు ఉన్న ఒక వ్యవస్థగా నిలబెట్టింది ధావన్. ఆ వ్యవస్థ నుంచే ఇవన్నీ వచ్చాయి. ఇంకా రావాల్సింది కూడా ఉంది. లక్ష ట్రాన్స్‌పాండర్లంటే పెద్ద సంఖ్యే గానీ దేశంలో చేపల బోట్లు అంతకు రెండింతల పైనే. రెండు చెక్కల తెప్ప మీద తెల్లవారుజామున పోయేవాడికి ఇప్పటికీ జేబులో కవరు చుట్టిన సెల్‌ఫోనే అన్నీ.

పులికాట్ పక్షులు

1984లో ఇస్రో బాధ్యతలు యూఆర్ రావుకు అప్పగించి ధావన్ తప్పుకున్నారు. 1981లోనే పద్మవిభూషణ్ వచ్చింది. ఆ తర్వాత చాలామంది పెద్దవాళ్లలా ఆత్మకథ రాసుకుంటూ కూర్చోలేదు. పక్షుల వెంట పడ్డారు. శ్రీహరికోటకు వచ్చిపోయే రోజుల నుంచే పులికాట్ పక్షులంటే ఆయనకు ప్రాణం. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు వచ్చే గూడబాతులు మనకు కొత్త కాదు. అంత బరువైన పక్షి రెక్క ఆడించకుండా గాలిలో అంతసేపు ఎలా తేలుతుంది? విమానాల లెక్కలన్నీ తెలిసిన మనిషికి ఇది మామూలు ప్రశ్న కాదు. పక్షులు ఎగిరే తీరు మీద ఆయన రాసిన పుస్తకం 1991లో వచ్చింది. అందులో ఏరోడైనమిక్స్ ఉంది, పులికాట్ కూడా ఉంది. సూళ్లూరుపేటలో ఏటా ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వేసే ఫ్లెక్సీల్లో ఈ పుస్తకం ప్రస్తావన ఒక్కటైనా ఉంటే బాగుండు.

2002 జనవరి 3న బెంగళూరులో సతీష్ ధావన్ కన్నుమూశారు. వయసు 81. ఆ ఏడాది సెప్టెంబరు 5న శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. సరిగ్గా వారానికి, సెప్టెంబరు 12న, కొత్త పేరుతో మొదటి ప్రయోగం జరిగింది. పీఎస్‌ఎల్‌వీ-సి4 మోసుకెళ్లింది మెట్‌శాట్‌ను. పూర్తిగా వాతావరణం కోసమే మన దేశం చేసిన తొలి ఉపగ్రహం అది. మరుసటి ఏడాది కల్పనా చావ్లా చనిపోయాక దానికి కల్పన-1 అని పేరు మార్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు బంగాళాఖాతంలో లేచిన తుపాన్లను పై నుంచి అది చూస్తూనే ఉంది.